అయిదో నంబరు ఇల్లు

వాలీబాల్‌లో రొటేషన్ అనే మూలసూత్రాన్ని అవసరానికి మించి బాగా నేర్చుకోవడం వల్ల, తుమ్మికవలస ఉన్నత పాఠశాల బాలికల జట్టులోని ఆరుగురూ సాయంత్రం ఆఖరి ఈల మోగేసరికి ఏ స్థానంలో నిలబడి ఉంటే ఆ స్థానం తాలూకు ఇంటికి వెళ్లి, ఆ ఇంటి పిల్లగా అన్నం తిని, నిద్రపోయి, మర్నాడు అక్కడి నుంచే బడికి వచ్చేవారు. ఈ సంగతి మండల విద్యాశాఖ కార్యాలయానికి తెలియడానికి పదకొండు నెలలు పట్టింది. పోటీల దరఖాస్తులో ఒక్కో అమ్మాయికి ఆరేసి చిరునామాలు ఎందుకున్నాయో తెలపమని కార్యాలయం సంజాయిషీ అడిగింది. వ్యాయామ ఉపాధ్యాయుడు బెవర సన్యాసిరావు ఒక పేజీ జవాబు రాశాడు. రొటేషన్ గడియారం ముల్లు తిరిగే వైపే జరుగుతోందనీ, ఇంతవరకూ ఎవరూ స్థానం తప్పలేదనీ అందులో ఉంది. కార్యాలయం తృప్తిపడి ఫైలు మూసేసింది.

పొరపాటు ఎక్కడ జరిగిందో సన్యాసిరావుకు తెలుసు. ఆ పిల్లలు మోకాళ్లు వంచి నిలబడటం మూడు రోజుల్లో నేర్చుకున్నారు. మోచేతులు వంచకుండా రెండు ముంజేతులూ కలిపి బంతిని పైకి లేపడం రెండు వారాల్లో వచ్చింది. రొటేషన్ మాత్రం రాలేదు. సర్వీసు తమకు దక్కిన ప్రతిసారీ ఆరుగురూ ఆరు వైపులకు నడిచి ఒకరినొకరు గుద్దుకునేవారు. అదృష్టవశాత్తూ ఆ ఆరుగురి ఇళ్లూ బడి మైదానం చుట్టూ వలయంగా ఉన్నాయి. ఆయన కోర్టులోని ఒక్కో స్థానానికి ఎదురుగా ఉన్న ఇంటిని చూపించి, ఇవి అంకెలు కావనీ, మీ ఇళ్లేననీ, సర్వీసు మన చేతికి వస్తే పక్కింటికి వెళ్లిపోవడమేననీ చెప్పాడు. మర్నాటి నుంచి ఎవరూ తప్పు చేయలేదు. నాలుగో రోజు సాయంత్రం ఆట ఆపేసరికి రెండో ఇంటి పిల్ల జోషిత అయిదో స్థానంలో ఉంది. అయిదో ఇంటి పిల్ల ధరణి రెండో స్థానంలో ఉంది. జోషిత తిన్నగా ధరణి ఇంటికి వెళ్లి, చెప్పులు విడిచి, కాళ్లు కడుక్కుని పీట మీద కూర్చుంది. ధరణి జోషిత ఇంట్లో అప్పటికే కూర్చుని ఉంది.

మొదటి రోజు తల్లులు కొంచెంసేపు చూశారు. ఎన్ని కంచాలు ఉన్నాయో అంతమందే వచ్చారు కాబట్టి రెండో రోజు నుంచి చూడలేదు. ధరణికి వంకాయ పడదు. అందుచేత ధరణి తల్లి పైడమ్మ అయిదో నంబరుగా ఎవరు వచ్చినా వంకాయ వడ్డించేది కాదు. జోషిత చిన్నప్పటి నుంచీ పెరుగన్నంలో చిటికెడు పంచదార వేసుకుంటుంది. అందుచేత రెండో ఇంట్లో రెండో నంబరు కంచంలో రోజూ పంచదార పడేది. ఇళ్లలో పిల్లలు మారేవారు. పిల్లల అలవాట్లు ఇళ్లలోనే ఉండిపోయేవి. లెక్కల్లో వెనకబడ్డ నాలుగో నంబరును ఆ ఇంటి తండ్రి రోజూ తిట్టేవాడు. ఆ తిట్లు ఆరుగురూ వంతులవారీగా పడ్డారు.

కోచ్‌కు స్థానం లేదు. నిబంధనల ప్రకారం ఆయన గీత బయట ఉండాలి. ఆట నడుస్తుండగా గీత దాటకూడదు. సన్యాసిరావు ముప్పయ్యేళ్లుగా గీత దాటలేదు. భార్య పోయి ఆరేళ్లయింది, పిల్లలు లేరు. బస్సు రోడ్డు మీద పంక్చర్ల కొట్టు పక్కన ఒక గది అద్దెకు తీసుకుని ఉంటున్నాడు. ఆఖరి ఈల ఊదాక ఆరుగురు పిల్లలు ఆరు వైపులకు పోయేవారు. ఆరు తలుపులు తెరుచుకునేవి. ఆరిళ్లలోనూ పోపు వాసన లేచేది. ఆయన మైదానంలో నిలబడి నెట్టు విప్పేవాడు.

నెట్టు మడవడానికి ఇద్దరు కావాలి. చెరో కొసా పట్టుకుని, బిగువుగా లాగి, ఎదురెదురుగా నడిచి కలుసుకోవాలి. ఆయన సరుగుడు స్తంభానికి తను చెయ్యెత్తితే అందే ఎత్తులో ఒక మేకు కొట్టుకున్నాడు. ఒక కొస దానికి తగిలించి, రెండో కొస పట్టుకుని, మేకు వైపు నడుచుకుంటూ మడిచేవాడు. ఆటసామాను రిజిస్టరులో నెట్టు, బంతి, ఈల తర్వాత నాలుగో పద్దుగా 'మేకు: ఒకటి' అని రాసి ఉంది. ఆ మడతలు పెట్టే పది నిమిషాల్లో ఆయనకు రోజూ ఒకటే కోరిక కలిగేది. ఆరిళ్లలో ఏదో ఒక ఇల్లు, ఆరు రోజులకొకసారైనా సరే, తన కోసం తలుపు తీయాలి.

మగపిల్లలకు ఆయన ఉదయం పూట ఫుట్‌బాల్ నేర్పేవాడు. అందులో రొటేషన్ లేదు కనుక వాళ్ల ఇళ్లకు ఇబ్బంది రాలేదు. ఆనించే కాలు బంతి పక్కన పెట్టి, రెండో పాదం లోపలి అంచుతో తన్నడం వాళ్లకు తొందరగానే పట్టుబడింది. బంతి చుట్టూ మూగవద్దు, ఖాళీ చూసుకుని పరుగెత్తండి అన్నది రెండో పాఠం. అది కూడా పట్టుబడింది. పదకొండుమందీ ఖాళీ చూసుకుని పరుగెత్తారు. ఎడమ వింగు ఆడేవాడు కాలవ గట్టు దాకా, కుడి వింగు ఆడేవాడు పంచాయతీ సరిహద్దు దాకా వెళ్లారు. వాళ్లకిచ్చే పాసులు ఆర్టీసీ బస్సు కండక్టరు అందజేసేవాడు. హాజరు పట్టీలో వాళ్లు మైదానంలో ఉన్నట్టే లెక్క. ఖాళీ అన్నది ఎవరో ఒకరు చూసుకోవలసిందేనని సన్యాసిరావు వాళ్లకు తరచూ చెప్పేవాడు.

మాఘమాసం చివర ఒక సాయంత్రం ఆట ముగియబోతుండగా ధరణి రెండో స్థానం నుంచి గీత దగ్గరకు వచ్చింది. మర్నాడు తెల్లవారుజామున పైడమ్మా, ఆమె భర్తా చెన్నైలో భవనాల పనికి వెళ్లిపోతున్నారు. పిల్లను వెంట తీసుకుపోతారు. ఆ పూట అయిదో ఇంట్లో ఎవరుంటే వాళ్లే ఆ పిల్ల.

"ఇంకో మూడు తిరుగుళ్లు తిప్పండి మాస్టారూ," అంది ధరణి. "నాను అయిదులోకి ఒచ్చీసాక ఊదండి. మాయమ్మోళ్లు రేపు ఎల్లిపోతన్నారు."

అయిదో స్థానంలో అప్పుడు జోషిత ఉంది. ఆమె ఈ మాటలు వింటూ మోకాళ్లు వంచి, బంతి మీద నుంచి చూపు తిప్పకుండా నిలబడింది. అలాగే నిలబడాలని నేర్పింది ఆయనే.

"బంతి నేల మీద పడినప్పుడు ఊదుతానమ్మా," అన్నాడు సన్యాసిరావు. "ఎవరెక్కడున్నారో ఈలకి తెలీదు."

అది నిజానికి మంచి జవాబే. ముప్పయ్యేళ్లలో ఎందరో తల్లిదండ్రులకు, ఇద్దరు సర్పంచులకు, ఒక ఎమ్మెల్యే బావమరిదికి ఆయన ఇదే జవాబు చెప్పాడు. బంతి నేల మీద పడింది. ఆయన ఊదాడు. ధరణి రెండో ఇంటికి వెళ్లి పంచదార వేసిన పెరుగన్నం తింది. జోషిత అయిదో ఇంటికి వెళ్లి, తెల్లారకముందే పైడమ్మ వెనకాల మూట పట్టుకుని బస్సెక్కింది. బస్సు జోషిత సొంత ఇంటి ముందు నుంచే పోయింది. ఆమె తల్లి నాగరత్నం అప్పుడు వాకిట్లో కళ్లాపి చల్లుతోంది. రెండో నంబరు లోపల నిద్రపోతోంది కాబట్టి ఆమె తల ఎత్తి చూడవలసిన అవసరం రాలేదు.

జట్టులో అయిదుగురు మిగిలారు, స్థానాలు మాత్రం ఆరే ఉన్నాయి. మర్నాటి సాయంత్రం ఈల మోగేసరికి అయిదో స్థానంలో ఉన్న అమ్మాయి అయిదో ఇంటికి వెళ్లింది. తలుపుకు తాళం ఉంది. పుస్తకాల సంచి ఒళ్లో పెట్టుకుని గడప మీద కూర్చుంది. ఇరుగుపొరుగు ఎవరూ పిలవలేదు, ఎవరి నంబరు వాళ్లకు వచ్చేసింది. ఖాళీ స్థానం తాలూకు ఇంట్లో మాత్రం ఒక కంచం మిగిలిపోయింది. ఆ ఇల్లాలు దాన్ని కాసేపు ముందు పెట్టుకుని కూర్చుని, తర్వాత బోర్లించింది. నెట్టు మడుస్తూ సన్యాసిరావు ఈ రెండూ చూశాడు. ఆయనకు ముందు కంచం గుర్తొచ్చింది. ఆ తర్వాతే పిల్ల.

ప్రధానోపాధ్యాయురాలు భాగ్యవతికి మాత్రం ఫారం గుర్తొచ్చింది. ఆరు పేర్లు లేకపోతే పోటీలకు దరఖాస్తు పోదు. జట్టులో చేరడానికి ఊళ్లో ఇంకో పిల్ల లేదు. పనికి పోయిన కుటుంబాలు పిల్లల్ని తీసుకునే పోయాయి. సన్యాసిరావు చేతులు కట్టుకుని నిలబడి, ఆమెకు అభ్యంతరం లేకపోతే ఆ ఖాళీలో తానే నిలబడతానన్నాడు. పిల్లలు తాళం వేసిన గడప మీద కూర్చోకుండా ఉంటారని కారణం చెప్పాడు. అది అబద్ధం కాదు.

"మీ వయసెంత మాస్టారూ?" అని ఆమె పెన్ను తీసింది.

"యాభై ఎనిమిది నిండుతుందండి."

"మీ వయసు కాదండీ, ఆ స్థానం వయసు."

"పద్నాలుగు లోపు."

ఆమె అదే రాసింది. తరగతి అన్నచోట ఎనిమిది, బి సెక్షను అని వేసింది. ఫారం ఎక్కడా ఆగకుండా వెళ్లింది. మండల పోటీల్లో అంపైరు నెట్టు ఎత్తు రెండుసార్లు కొలిచాడు. ఇంకేమీ కొలవలేదు.

గీత దాటిన మొదటి సాయంత్రం సన్యాసిరావు ఈలను పళ్ల మధ్య పట్టుకుని ఆడాడు. మూడో స్థానంలోకి వచ్చేసరికి మూడో ఇంట్లో చేపల పులుసు మరుగుతోంది. బంతి కూడా నేల మీదే ఉంది. ఊదితే సరిపోయేది. అయిదో స్థానంలో ఉన్న అమ్మాయి తాళం వైపు చూస్తోంది. ఆయన బంతిని తీసి సర్వీసుకు ఇచ్చాడు. ఇంకో నాలుగు తిరుగుళ్లు తిరిగి, తను అయిదులోకి వచ్చాక ఊదాడు.

ఆ రోజు నుంచి రోజూ అంతే. తాళంచెవి రుబ్బురోలు కింద ఉంది. ఇంట్లో ఒక మంచం, మాఘమాసం దగ్గర ఆగిపోయిన క్యాలెండరు, ద్వారబంధం మీద ధరణి ఎత్తును ఏటేటా గుర్తుపెట్టిన బొగ్గు గీతలు ఉన్నాయి. ఆయన బిస్కెట్లు తిని, గీతల ఎదురుగా మంచం వేసుకుని పడుకునేవాడు. ఒక ఖాళీ గదిలోంచి ఇంకో ఖాళీ ఇంటికి మారడానికి ముప్పయ్యేళ్ల సర్వీసు పనికొచ్చింది. ఆయన అయిదులో ఉన్నంతకాలం మిగతా అయిదుగురూ కదిలే వీలు లేదు. నాలుగు నెలలపాటు ధరణి రెండో ఇంట్లోనే ఉండిపోయింది. నాగరత్నం జడ వేసేటప్పుడు ఆమె ఏమీ మాట్లాడేది కాదు. రెండో నంబరు మొదటి నుంచీ మాటకారి కాదని నాగరత్నం ఎవరితోనో అంది. నిజానికి జోషిత వాగుడుకాయ. అది నాగరత్నానికి గుర్తు లేదు.

ఆషాఢంలో చెన్నైలో వానలకు పని ఆగిపోయింది. ఒక సాయంత్రం బస్సు దిగి పైడమ్మా, ఆమె భర్తా, వాళ్ల వెనక జోషితా నడిచి వచ్చారు. జోషిత చేతుల నిండా సిమెంటు పగుళ్లున్నాయి. దారిలో రెండో ఇంటి గుమ్మంలో ధరణి స్తంభం పట్టుకుని నిలబడి ఉంది.

"రెండో నంబరు పొడుగైపోయిందే," అని పైడమ్మ భర్తతో అని, ముందుకు నడిచింది.

తలుపు తీసే ఉంది. లోపల సన్యాసిరావు బిస్కెట్ల పొట్లం విప్పుతున్నాడు. పైడమ్మ మూట దించి, "అయిదో నంబరు అప్పుడే ఒచ్చీసిందేటి," అని పొయ్యి వెలిగించింది. అన్నం వార్చి, కంచం పెట్టి, చారు కాచింది. అప్పుడు గడప దగ్గర ఇంకా నిలబడి ఉన్న జోషిత కనిపించింది.

"మరి నువ్వేటే?"

"అయిదు," అంది జోషిత.

"అయిదులు ఇద్దరుండరమ్మా. మీ మాస్టారే కదా సెప్పినారు."

మాస్టారు లేద్దామనుకున్నాడు. తను వండుకున్న అన్నం ముందు నుంచి ఆయన ఎన్నోసార్లు లేచిపోయాడు. ఇంకొకరు వడ్డించిన అన్నం ముందు నుంచి ఎలా లేవాలో ఆరేళ్లలో మరిచిపోయాడు. పైడమ్మ ఆయన బట్టతలకు రెండు చుక్కల ఆముదం రాసి అరచేత్తో మర్దించింది. కంచంలో చారు పోసింది. పక్కింటివాళ్లు పంపిన వంకాయ కూర మాత్రం వేయలేదు. ఆయనకు వంకాయ అంటే ప్రాణం. తల వంచుకుని చారన్నం కలుపుకున్నాడు. మళ్లీ చూసేసరికి గడప ఖాళీగా ఉంది.

జోషిత సొంత ఇంటికి వెళ్లింది. రెండో నంబరు లోపలుందమ్మా అని నాగరత్నం మర్యాదగానే చెప్పింది. అక్కడి నుంచి ఆమె భాగ్యవతి మేడమ్ ఇంటికి వెళ్లి, తన నంబరు ఎంతో చెప్పమని అడిగింది. భాగ్యవతి ఫారం నకలు తీసి చూసింది. ఆరు గళ్లలో ఆరు పేర్లున్నాయి. అయితే అదే రోజు కార్యాలయం నుంచి ఒక అభ్యంతరం వచ్చి ఉంది. ఆడుతున్నవాళ్లు ఈల ఊదడం నిబంధనలకు విరుద్ధమనీ, కోచ్ అన్న గడి నాలుగు నెలలుగా ఖాళీగా ఉందనీ, వెంటనే భర్తీ చేయాలనీ అందులో రాశారు.

"నీకు రూల్సన్నీ వచ్చా?" అని భాగ్యవతి అడిగింది.

"వచ్చండి. మాస్టారు బాగా నేర్పినారు."

ఆ గడిలో జోషిత పేరు పడింది. వయసు యాభై ఎనిమిది, అనుభవం ముప్పయ్యేళ్లు. ఆమెకు ఈల, ఆటసామాను రిజిస్టరు, పంక్చర్ల కొట్టు పక్క గది తాళంచెవి అప్పగించారు. గది యజమాని లాంతరు ఎత్తి ఆమె ముఖం చూసి, కుళాయి ఆరు నుంచి ఏడు వరకే వస్తుందని మాస్టారికి రోజూ చెప్పే మాటే చెప్పాడు.

మర్నాడు సాయంత్రం ఆట మొదలవబోతుండగా సన్యాసిరావు గీత దగ్గరకు వచ్చాడు. ఆయన తల ఇంకా ఆముదంతో మెరుస్తోంది. జోషిత గీత అవతల, ఆయన ముప్పయ్యేళ్లు నిలబడ్డ చోట నిలబడి ఉంది.

"జోషితా," అన్నాడు చిన్నగా. "నేను అయిదులో ఉన్నప్పుడు ఊదీమ్మా. పైడమ్మ ఇవాళ రొయ్యల పులుసు పెడతానంది."

జోషిత ఈల మీది తాడును వేలికి చుట్టుకుంది.

"బంతి నేల మీద పడినప్పుడు ఊదతానండి. ఎవరెక్కడున్నారో ఈలకి తెలీదు కదండీ."

ఆయన ఒప్పుకున్నాడు. ఆ జవాబులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. వెనక్కి వెళ్లి మోకాళ్లు వంచి నిలబడ్డాడు. అయిదు, నాలుగు, మూడు దాటాడు. రెండో స్థానంలో ఉండగా బంతి ఆయన ముంజేతులకు తగిలి, పక్కకు పోయి, నేల మీద పడింది. జోషిత ఊదింది. ఊదేముందు ఆమె అయిదో స్థానం వైపు చూసిందో లేదో రిజిస్టరులో లేదు. అయిదో స్థానంలో ధరణి ఉంది.

ధరణి అయిదో ఇంటికి వెళ్లింది. పైడమ్మ ఆమెను కాళ్ల నుంచి తల దాకా చూసి, "నిన్నటికీ ఇవాల్టికీ ఇంత సిన్నయిపోయావేటే అయిదూ?" అంది. ధరణి బొగ్గు గీతలున్న ద్వారబంధానికి ఆనుకుని కూర్చుని, మూడుసార్లు అన్నం పెట్టించుకుంది. పైడమ్మకు అది వింతగా అనిపించలేదు. అయిదో నంబరు నిన్న కూడా అలాగే తింది.

రెండో ఇంట్లో నాగరత్నం మాస్టారికి పీట వేసింది. చివర పెరుగన్నంలో చిటికెడు పంచదార చల్లింది. ఆయనకు షుగరు వ్యాధి ఉంది. రెండో నంబరుకు లేదు. ఆయన కంచం వైపు కొంచెంసేపు చూశాడు. కిటికీలోంచి మైదానంలో నెట్టు విప్పుతున్న పిల్ల కనిపిస్తోంది. నాగరత్నం దోమలొస్తున్నాయని కిటికీ మూసింది. ఆయన కలుపుకుని తిన్నాడు. తియ్యగానే ఉంది.

మైదానంలో జోషిత నెట్టు ఒక కొస పట్టుకుని, రెండో కొస పట్టుకోవడానికి ఎవరైనా ఉన్నారేమోనని చుట్టూ చూసింది. ఆరు తలుపులూ మూసి ఉన్నాయి. అప్పుడు స్తంభానికి ఉన్న మేకు కనిపించింది. ఇన్నాళ్లూ అక్కడే ఆడినా, ఆ మేకు దేనికో ఆమెకు ఆ రోజే తెలిసింది. మునివేళ్ల మీద నిలబడి కొస తగిలించబోయింది. మేకు పెద్దవాళ్ల ఎత్తులో ఉంది, రెండుసార్లు జారిపోయింది. నెట్టును ఉండచుట్టి గదిలో పడేసింది.

మర్నాడు ఆమె ఒక రాయి, ఒక మేకు తెచ్చుకుని, పాత మేకుకు జానెడు కిందగా కొట్టుకుంది. భాగ్యవతి ఆ వారం ఆటసామాను తనిఖీ చేసి, నాలుగో పద్దు దిద్ది సంతకం పెట్టింది. మేకులు: రెండు.